ముంజకాయ చక్రం, ఇసుక కలుజు

నెల్లూరు తీరంలో ఒకప్పుడు బడి ఈడు పిల్లల ఆటవస్తువుల్లో కొన్నవి తక్కువ, సొంతంగా కట్టుకున్నవి ఎక్కువ. ముంజకాయల బండి, తాటాకు గిరక, ఇసుకలో చెలమ, వాననీటికి అడ్డంగా కట్ట, ఆ కట్టకు తూము, బెండుతో చేసిన తెప్ప ఏ అంగట్లోనూ దొరికేవి కావు. సామగ్రి ఏరుకోవాలి, కొలత చూసుకోవాలి, కట్టాలి, చెడితే మళ్ళీ కట్టాలి. పెద్దవాళ్ళు వీటిని ఆటలనే అన్నారు. కానీ ఇంజినీరింగు కళాశాలల్లో వేరువేరు శాఖలుగా చెప్పే నీటి కట్టడాలు, యంత్రాలు, పడవల నిర్మాణం ఈ ఆటల్లో ఏడాది పొడవునా వంతులవారీగా వచ్చేవి.

ఇంత వైవిధ్యానికి కారణం ఆ నేలే. 2022కు ముందున్న ఉమ్మడి నెల్లూరు జిల్లాకు ఉత్తరాన కావలి మండలం నుంచి దక్షిణాన పులికాట్ సరస్సు దాకా దాదాపు 169 కిలోమీటర్ల తీరం ఉండేది. అలల ఒడ్డు దాటితే ఇసుక దిబ్బలు, వాటి మీద తాటితోపులు, వెనక తీరం వెంబడే సాగే బకింగ్‌హాం కాలువ, ఇంకాస్త పడమరకు వెళితే చెరువులు, పెన్నా నీటితో పండే మాగాణి. కొద్ది మైళ్ళలోపే సముద్రపు పనివాడు, కాలువ పనివాడు, చెరువు పనివాడు ముగ్గురూ కనిపించేవారు. పిల్లలు కట్టిన బొమ్మల్లో చాలావాటికి అసలు వస్తువు కూతవేటు దూరంలోనే ఉండేది.

తాటితోపు

వేసవి సెలవులూ ముంజల కాలమూ కలిసే వస్తాయి. లేత తాటికాయలో సాధారణంగా మూడు కళ్ళుంటాయి. ముంజలు బొటనవేలితో తోడుకు తిన్నాక మిగిలే కాయ గట్టిగా, గుండ్రంగా, చక్రానికి సరిపోయేట్టు ఉంటుంది. అలాంటి రెండు కాయల మధ్య మూరెడు కర్ర గుచ్చితే ఇరుసు. పొడవాటి పంగలకర్రను ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి.

చూడటానికి ఇంతే గానీ, బండి తిన్నగా పోవాలంటే చాలా లెక్కలున్నాయి. రెండు కాయలూ ఒకే సైజు కాకపోతే చిన్న కాయ ఉన్న వైపుకు బండి తిరిగిపోతుంది. ఇరుసు పొట్టిదైతే మలుపులో బోర్లాపడుతుంది, మరీ పొడుగైతే సందుల్లో మలగదు. కాయకు పొడిచిన చిల్లి సరిగ్గా నడిమధ్య లేకపోతే బండి ప్రతి చుట్టుకూ ఎగిరెగిరి పడుతుంది. కాయలు ఇరుసుకు బిగుసుకుపోయాయా, వదులుగా తిరుగుతున్నాయా అన్నది మరో సంగతి. ఎద్దుబండి చక్రాలు ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి, అందుకే మలుపు సులువు. రైలు చక్రాలు ఇరుసుతో కలిసే తిరుగుతాయి. బిగుతు కాయల బండి రెండో రకం. అది తిన్నగా బాగా ఉరుకుతుంది, మలుపులో మాత్రం ఒక చక్రం ఈడ్చుకుంటుంది. ఇరుసూ పంగా రాసుకునేచోట అరుగుతుంది కాబట్టి ఎద్దుబండికి పెట్టే కందెనలోంచి కాస్త గిల్లుకొచ్చి పూసేవారు. నాలుగు రోజులకు కాయ ఎండి ముడుచుకుపోతుంది, చిల్లి వదులవుతుంది. అప్పుడు కొత్త కాయలు, కొత్త బండి. సెలవులు ముగిసేలోపు ఒక్కొక్క పిల్లవాడి చేతిలో చాలా బండ్లు పుట్టి పోయేవి. ప్రతి బండిలోనూ వెనకటి బండి లోపం కాస్త సరిపడేది.

గాలి పని తాటాకు గిరకది. రెండు ఆకు ముక్కలను అడ్డంగా కలిపి, కొసలు మడిచి, నడిమిన తుమ్మముల్లు గుచ్చి, ఆ ముల్లును పుల్ల చివర దిగేస్తే గిరక. ఆకుకూ పుల్లకూ నడుమ చిన్న ఆకు ముక్క బిళ్ళలా వేయకపోతే రాపిడికి నిలిచిపోతుంది. కొస వంపు తక్కువైతే గాలి జారిపోతుంది, ఎక్కువైతే గాలి తగిలి ఆగిపోతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి మళ్ళగానే దిబ్బ మీద గిరకలన్నీ తూర్పుకు తిరిగేవి. గాలి మళ్ళిందీ లేనిదీ దాంతోనే తెలిసేది.

ఇసుకలో నీళ్ళు

సముద్రానికి దగ్గరలోనే ఇసుక తవ్వితే తియ్యటి నీళ్ళు పడటం తీరవాసులకు తెలిసిన సంగతే. వాననీళ్ళు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పొరలా నిలుస్తాయి. మంచినీటి సాంద్రత కాస్త తక్కువ కావడమే కారణం. యూరప్‌లో దీనికి లెక్క కట్టినవారు ఇద్దరు: 19వ శతాబ్దం చివర డచ్చి ఇంజినీరు గైబెన్, ఆ తర్వాత విడిగా జర్మనీలో హెర్జ్‌బర్గ్. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, మట్టానికి కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు ఉంటుందని వారి సూత్రం. పై మట్టం కాస్త తగ్గినా కిందినుంచి ఉప్పునీరు అంతకు నలభై రెట్లు పైకి వస్తుందన్నది అందులోని హెచ్చరిక.

ఈ హెచ్చరికను పాటించి కట్టినదే దొరువు. నెల్లూరు, ప్రకాశం, గుంటూరు తీరాల్లో రైతులు ఇసుక నేలలో లోతు తక్కువ, వెడల్పు ఎక్కువగా గుంటలు తవ్వి, పైపొర నీటిని మాత్రమే కడవలతో తోడి నారుమళ్ళకూ కూరగాయలకూ పోసేవారు. బావిలా నిలువునా లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. ఆ తర్వాత బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం ఇదే సూత్రం మీద చిల్లుల గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, నీరు ఒకచోటికి చేరేలా మెరుగైన దొరువు రూపొందించింది.

పిల్లల చెలమ దొరువుకు చిన్న రూపం. దాంట్లో మొదట ఎదురయ్యేది నీటి సమస్య కాదు, గోడ సమస్య. పొడి ఇసుక వాలు సుమారు 33 డిగ్రీలకు మించి నిలవదు. అంటే అడుగు లోతు తవ్వాలంటే ప్రతి పక్కకూ అడుగున్నర వెడల్పు వదలాలి. లోతు పెంచేకొద్దీ తవ్వి పోయాల్సిన ఇసుక ఎన్నో రెట్లు పెరుగుతుంది. తడి ఇసుకలో రేణువుల మధ్య నీటి పొర పట్టి ఉంచుతుంది కాబట్టి గోడ ఇంకాస్త నిటారుగా నిలుస్తుంది. నీటి మట్టం తగిలాక మాత్రం ఆ పట్టు పోయి అంతా జారిపోతుంది. దీనికి పిల్లల మందు పగిలిన కుండ. అడుగూడిన కుండను చెలమలో దించి లోపలి ఇసుక తోడుతూ పోతే కుండ దిగుతుంది, గోడ కూలదు. ఊళ్ళో ఒరల బావి దించే పద్ధతీ ఇదే.

నోట్లో వేసుకుని రుచి చూడటమే పరీక్ష. ఎక్కడ తియ్యగా ఉంది, ఎక్కడ చప్పిడిగా ఉంది, ఎంత తోడితే ఉప్పు తిరుగుతుంది అన్నది చిన్న వయసులోనే నాలుక మీదికి వచ్చేది. ఈ ఆటలో ప్రమాదమూ ఉంది. దిబ్బ పక్కన లోతుగా తవ్విన గుంట ఒక్కసారిగా కూలితే పిల్లవాణ్ణి పూడ్చేయగలదు. అందుకే నడుము లోతు దాటి తవ్వేవాళ్ళను పెద్దలు కేకలేసేవారు.

కట్ట, తూము, కలుజు

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనూ వాయుగుండాలతోనూ కురుస్తుంది. వాన వెలిసిన గంటకు ప్రతి సందూ వాగే. పిల్లల సివిల్ పని అప్పుడు మొదలవుతుంది.

ఒట్టి ఇసుకతో కట్ట పోస్తే నిలవదు. నీరు ఇసుకలోంచి ఊరి అవతలకు పోతూ రేణువులను కూడా లాక్కుపోతుంది. రెండోసారి కట్టేవాళ్ళు చెరువు ఒడ్డు నుంచి బంకమట్టి తెచ్చి కట్ట నడుమ గోడగా పెట్టి, దానికి రెండు పక్కలా ఇసుక పోసి, కాళ్ళతో తొక్కి గట్టిపరిచేవారు. పైన గడ్డి గడ్డలు పరిచేవారు. కట్ట వేయకముందే అడుగున బొప్పాయి కాడను పెడితే అది తూము. దానికి గుడ్డపీలిక బిరడా. కాడ చుట్టూ మట్టి సరిగా తొక్కకపోతే నీరు కాడ లోపలినుంచి కాక బయటి అంచు వెంట దారి చేసుకుని వస్తుంది. ముందు చెమ్మ, తర్వాత సన్నటి ధార, ఆ తర్వాత గండి. పెద్ద చెరువుల కట్టలు తెగే తీరుల్లో ఇదొకటి. తూము పక్కన చెమ్మ కనిపిస్తే ఊరంతా పరుగెత్తేది అందుకే.

అన్నిటికన్నా ముఖ్యమైనది కలుజు. చెరువు నిండాక మిగులు నీరు పోవడానికి కట్టకు ఒక కొసన కాస్త దిగువ మట్టంలో వదిలే దారి అది. పిల్లల కట్టల్లో ఎక్కువ భాగం కలుజు లేకనే తెగేవి. నీరు కట్ట మీదుగా ఒక్కచోట పొర్లిందంటే క్షణాల్లో కోసేస్తుంది. కలుజు పెట్టినవాళ్ళకు రెండో పాఠం ఎదురయ్యేది: నీరు దూకేచోట గుంట పడి ఆ గుంట వెనక్కి తినుకుంటూ వచ్చి కలుజునే కూల్చేది. అప్పుడు పెంకులు, గులకరాళ్ళు, తాటిమట్ట ముక్కలు పరిచేవారు. ఇసుక నది మీద ఆనకట్ట కట్టే ఇంజినీర్లు దిగువన రాతి పరుపు వేసేదీ ఇందుకే. పెన్నా మీద నెల్లూరు ఆనకట్ట 1855లో వచ్చింది, ఎగువన సంగం ఆనకట్ట 1880లలో. ఆ రెండు చోట్లా 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి.

ఒకే వాగు మీద పైనా కిందా రెండు జట్లు కట్టలు వేస్తే తగాదా తప్పదు. పైవాళ్ళు నీరు ఆపితే కిందివాళ్ళ చెరువు ఎండుతుంది. పైవాళ్ళ కట్ట తెగితే కిందివాళ్ళది కొట్టుకుపోతుంది. ఎంతసేపు ఆపాలి, ఎప్పుడు తూము తీయాలి అన్న ఒప్పందం కుదిరేది. మాగాణి ఊళ్ళలో మడవ దగ్గర పెద్దవాళ్ళు పడే వాదనలూ ఇవే కనుక, పిల్లల మాటల్లో ఆ వాదనలన్నీ యథాతథంగా వినిపించేవి.

తెప్ప

సంక్రాంతి తర్వాత సముద్రం నెమ్మదిస్తుంది. అప్పటి ఆట తెప్ప. తేలికైన దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించిన తెప్ప అప్పట్లో కోరమండల్ తీరం మొత్తానికీ ప్రధాన వాహనం. దానికి మేకులుండవు. అల కింద తాళ్ళ కట్టు కాస్త వదులిచ్చి మళ్ళీ బిగుస్తుంది, మేకుల కట్టైతే విరుగుతుంది. దుంగల సందుల్లోంచి నీరు వచ్చినట్టే వెళ్ళిపోతుంది కాబట్టి మునగదు. వేట ముగిశాక తాళ్ళు విప్పి దుంగలను ఒడ్డున ఆరబెట్టేవారు. నీరు పీల్చిన దుంగ బరువెక్కుతుంది.

పిల్లల తెప్పకు జీలుగు బెండో, ఎండిన మునగ కొమ్మో, అలలకు కొట్టుకొచ్చిన తేలిక కర్రో సరిపోయేది. నడిమి కర్ర కాస్త పొడుగ్గా, కిందికి ఉండాలి. పక్క కర్రలు కాస్త పైకి ఉండాలి. ముందు కొస పైకి చెక్కాలి, లేకపోతే అలలోకి దూరిపోతుంది. పాత పంచె పీలికతో మూడు మూలల తెరచాప కడితే మొదటిసారి తెప్ప గాలివాటున అడ్డంగా జారిపోతుంది. పక్కకు జారకుండా పెద్ద తెప్పకు ఒక పలకను నీళ్ళలోకి దించేవారు. పిల్లలు దానికి బదులు రేకు ముక్క దించేవారు. అది ముందుకు పెడితే తెప్ప గాలికి ఎదురు తిరుగుతుంది, వెనక్కి పెడితే గాలి వెంట తిరుగుతుంది. సరైన చోటు దొరికేదాకా ఉప్పుటేటి ఒడ్డున ముక్కను జరుపుతూ ఉండటమే ఆట.

ఇక్కడ పంతుళ్ళు ఒడ్డున వలలు బాగుచేసుకునే ముసలివాళ్ళు. వాళ్ళు సూత్రం చెప్పేవారు కాదు. తప్పుగా కట్టిన తెప్పను చేతిలోకి తీసుకుని, ముడి విప్పి, మళ్ళీ కట్టి ఇచ్చేసేవారు. పిల్లవాడు చూసి పట్టుకోవాలి.

బకింగ్‌హాం కాలువ పడవలు మరో రకం బడి. మద్రాసుకు ఉత్తరాన 1806లో కాక్రేన్ కాలువగా మొదలైన తవ్వకం క్రమంగా పెదగంజాం దాకా సాగింది. 1877–78 కరువు కాలంలో పనికి వచ్చిన కూలీల చేత పెద్ద ఎత్తున తవ్వించారు. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు దానికి స్థిరపడింది. కట్టెలు, ఉప్పు, ధాన్యం వేసుకుని పడవలు తెరచాపతోనో, గడతోనో, గట్టు మీద నడిచే మనుషులు తాడుతో లాగగానో వెళ్ళేవి. నీటి మట్టం మారేచోట లాకులుండేవి. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి నీరు నింపో వదిలో మట్టం కలిపే పద్ధతి ఒక్కసారి చూసిన పిల్లలు ఇంటి ముందు కాలువలో రెండు పలక ముక్కలు నిలిపి దాన్నే మళ్ళీ చేసేవారు.

ఆట, పని

ఈ జీవితాన్ని మరీ అందంగా చెప్పుకోవడం సరికాదు. చాలామంది పిల్లలకు ఇది సెలవుల సరదా కాదు. పొద్దున నీళ్ళు మోసి, సాయంత్రం రొయ్యపిల్లలు ఏరి, మధ్యలో దొరికిన వేళలో ఆడిన ఆట. బడి మానినవారూ ఎక్కువే. ఆడపిల్లలకు చెలమ, తాటాకు అల్లిక దక్కాయి గానీ తెప్ప దక్కలేదు. ఉప్పుటేళ్ళలో మునిగి పోయిన పిల్లలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. బడికీ ఈ తెలివికీ మధ్య తలుపు మూసే ఉండేది. చెలమ గోడ వాలును చేత్తో ఎరిగిన పిల్లవాడికి లెక్కల పుస్తకంలో కోణం వేరే సంగతిగానే కనిపించేది.

ఎలా పోయింది

పిల్లలు మానేయడం వల్ల ఈ ఆటలు పోలేదు. ఆటకు ఆనుకున్న పెద్దల పని ముందు పోయింది. 1965, 1966 తుపానుల దెబ్బ తర్వాత బకింగ్‌హాం కాలువ పూడుకుపోతూ వచ్చింది. రైలూ లారీలూ అప్పటికే దాని సరుకును లాక్కున్నాయి. 2008లో దాన్ని జాతీయ జలమార్గం–4లో చేర్చినా పాత పడవల రాకపోకలు తిరిగి రాలేదు. తెప్పల స్థానంలోకి 1980ల నుంచి ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయంగా అందిన పడవలు కూడా ఎక్కువగా ఆ రకానివే. 1990ల మొదట్లో రొయ్యల చెరువులు తీరమంతా పరుచుకున్నాయి. తీర మండలంలో వాటిని నియంత్రిస్తూ సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు ఇచ్చింది, అయినా సాగు ఆగలేదు. తాటితోపులు, దిబ్బలు, దొరువు గుంటలు ఆ చెరువుల కిందికీ, కంచెల లోపలికీ పోయాయి. బోరు మోటారు వచ్చాక పైపొర నీటితో పొదుపుగా ఉండాల్సిన పని లేదనిపించింది. చాలాచోట్ల ఉప్పు పైకి వచ్చింది. సందులకు సిమెంటు పడటంతో వాన వెలిశాక కట్ట పోయడానికి మట్టే మిగలలేదు. కృష్ణపట్నంలో 2008లో ఆధునిక రేవు మొదలయ్యాక అక్కడి ఒడ్డు గోడల వెనక్కి వెళ్ళింది.

ఇదే తీరంలో దేశంలోని పెద్ద ఇంజినీరింగు పనుల్లో ఒకటి జరుగుతోంది. రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోటను 1969లో ఎంపిక చేశారు, 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది, 1980 జులై 18న ఎస్‌ఎల్‌వి–3 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. రాకెట్ ఎగిరే వెలుగు దూరపు ఊళ్ళకు కూడా కనిపిస్తుంది. 2019 నుంచి ప్రయోగాలను దగ్గరగా చూడటానికి గ్యాలరీ కూడా ఉంది. కానీ పిల్లవాడికి కనిపించేది ఎగరడం మాత్రమే, కట్టడం కనిపించదు. తెప్ప కట్టడం ఏళ్ళ తరబడి కళ్ళ ముందు జరిగింది కాబట్టే దాన్ని అనుకరించగలిగారు. భద్రతా కారణాల వల్ల మూతపడక తప్పని పని నుంచి ఆ రకం అనుకరణ పుట్టదు.

ఇప్పటి ప్రయత్నాలు

ఆరుబయట చేతులతో కట్టే ఆటను కావాలని ఏర్పాటు చేయాల్సిన అవసరం ఇతర దేశాలకు ముందే వచ్చింది. కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో 1943లో పిల్లలకు పలకలు, మేకులు, పాత సామాను ఇచ్చి తమకు తోచింది కట్టుకోనిచ్చే ఆటస్థలం తెరిచారు. అది ఎన్నో దేశాలకు నమూనా అయింది. మన దేశంలో అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016 నుంచి బడుల్లో టింకరింగ్ ల్యాబులు పెడుతోంది. వాటిలో సెన్సార్లు, మోటార్లు, త్రీడీ ప్రింటర్లు ఉంటాయి. పాత తీరపు ఆటలకు ఆధారమైనవి మూడు: ఉచితంగా దొరికే సామగ్రి, చెడిపోతే అడిగేవారు లేకపోవడం, దగ్గర్లో జరుగుతున్న నిజమైన పని. ల్యాబు మొదటి రెండింటినీ కొంతవరకు ఇవ్వగలదు. మూడోది గదిలో దొరకదు.

తీరంలో ఆ మూడోది పూర్తిగా అంతరించలేదు. చేపల రేవుల్లో ఫైబర్ పడవల మరమ్మతు, వలల అల్లిక, చెరువు కలుజుల పని ఇంకా ఆరుబయటే జరుగుతాయి. వేసవిలో తాటితోపు మిగిలిన ఊళ్ళలో ముంజకాయల బండి అప్పుడప్పుడు కనిపిస్తుంది. బెండు బదులు థర్మాకోలుతో పడవలు కట్టే పిల్లలూ ఉన్నారు. వానకాలంలో ఒక తూమును, పడవ ఒడ్డుకు చేరే ఒక సాయంత్రాన్ని పాఠంలో భాగం చేసుకోవడానికి బడికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. లోతు నీరు, కూలే ఇసుక దగ్గర పెద్దవాడొకరు తోడుండటం, పిల్లలు కట్టింది ఒకటికి రెండుసార్లు తెగనివ్వడానికి సరిపడా సమయం ఇవ్వడం, ఆడపిల్లలను తెప్ప దగ్గరకు కూడా రానివ్వడం ఈసారి తప్పక చేయాల్సిన మార్పులు.